గీకిన కన్ను

వెలుతురుకు ఎవరో అడ్డం వచ్చారు. మునిరామయ్యకు ఒళ్ళు మండింది.

పొద్దున ఎనిమిదింటికి కూర్చున్నవాడు పన్నెండు కొట్టేసరికి ఇరవై ఏడు మొహాలు పూర్తిచేశాడు. ఇంకా పదహారు మిగిలున్నాయి. వైశాఖమాసం. పెండ్లి ఫోటోలు ఒక పక్క, కొండ మీద గుండ్లు కొట్టించుకొని దిగివచ్చి కుటుంబమంతా వరసగా నిలబడి తీయించుకున్న ఫోటోలు ఇంకో పక్క. ఆ గుండ్ల మీది మంగలికత్తి గాట్లు కూడా పూడ్చాలి. రైలు టైముకు చేతిలో పెట్టకపోతే ఆ జనం స్టూడియో పీకి పందిరేస్తారు. సందులోకి తెరుచుకునే ఆ ఒక్క కిటికీలో ఎండ ఉన్నంతసేపే అతనికి పని, పని ఉన్నంతసేపే కూలి. మొహానికి అర్ధరూపాయి. గుంపు ఫోటో అయితే తలకు పావలా.

"తప్పుకోండబ్బా, ఎలుతురు!" అన్నాడు తలెత్తకుండా.

నీడ కదల్లేదు.

"ఈడ మొగాలు దిద్దేది నువ్వేనా అన్నా?" ఆడగొంతు.

"ముందర పోమ్మా. ఫోటోలు కావాలంటే ముందర అడగాల. ఈడ ఇచ్చేది లేదు."

"ముందరికి పొయ్యే వస్తి. పొమ్మన్యారు."

"పొమ్మంటే పోవాల గదా! నా పొట్ట మింద వచ్చి నిలబడితే ఎట్ల?"

చంద్రవదన స్టూడియోలో మునిరామయ్యకు పంతొమ్మిదేళ్ళ సర్వీసు. ఇన్నేళ్ళలో అతను చూసిన మొహాలకు లెక్కలేదు. చూసిన మనుషులు మాత్రం పదిమంది ఉండరు. ఫోటో తీసేది ముందర హాల్లో, యజమాని ముకుందం. వెనక గదిలోకి వచ్చేవి నెగటివులే. ఏటవాలు చెక్క డెస్కు, దాని నడుమ అరచేతంత చదరపు గాజు, అడుగున అద్దం. కిటికీలోంచి వచ్చిన ఎండ అద్దం మీద పడి గాజులోంచి పైకి లేస్తుంది. గాజు మీద నెగటివు పెట్టి, భూతద్దంలోంచి చూస్తూ పనిచేయాలి. నెగటివులో లోకమంతా తిరగబడి ఉంటుంది: నల్లటి మొహాలు, తెల్లటి జుట్టు. ఫోటోలో నల్లగా పడే మచ్చ ఇక్కడ తెల్లగా ఉంటుంది. దాని మీద జిడ్డుమందు రాసి, సూదిలాగా చెక్కిన పెన్సిలుతో పూడిస్తే మాయమవుతుంది. ఫోటోలో తెల్లగా పడేది ఇక్కడ నల్లగా ఉంటుంది. దాన్ని సన్నటి కత్తితో గీకి తీసేయాలి. పెన్సిలు పని ఎవరైనా నేర్చుకుంటారు. కత్తి పని జిల్లా మొత్తానికి ముగ్గురికి వచ్చు. వాళ్ళలో ఇద్దరు చూపు మందగించి మానుకున్నారు. మూడోవాడు మునిరామయ్య. అతనికీ ఈ మధ్య సాయంత్రమైతే దీపం చుట్టూ రంగులు కనబడుతున్నాయి, ఎవరికీ చెప్పలేదు.

మా స్టూడియో గడప దాటిన మొహం మీద మచ్చ ఉండకూడదంటాడు ముకుందం. అమ్మవారు పోసిన గుంటలు, మొటిమలు, ముసలి ముడతలు, అన్నీ పోయి, అందరూ ఒక్క తల్లి కడుపున పుట్టినట్టు నున్నగా బయటికి వస్తారు. ఎవరి మొహాన్ని వాళ్ళకే నచ్చకుండా చేసి, నచ్చే మొహాన్ని మూడు కాపీలు పన్నెండు రూపాయలకు అమ్మడం! ఇంతకంటే మంచి వ్యాపారం ఇంకేముంది?

కిటికీ ఊచల సందులోంచి ఒక ఫోటో లోపలికి వచ్చింది. నేరుగా డెస్కు మీద పడింది.

"ఇది నువ్వు దిద్దిందేనా, సూడు."

చూడకుండా ఉండలేకపోయాడు. చూసి కత్తి పక్కన పెట్టాడు. చిటపటలాడుతున్న మొహం కాస్త విచ్చుకుంది. ఎందుకు విచ్చుకోదు? పంతొమ్మిదేళ్ళలో అతను చేసిన పనులన్నిటిలోకి ఇది ఒకటో నంబరుది. ముప్పై ఏళ్ళ ఆడమనిషి. ఎడమ చెంప మీద కుట్లు పడిన గాయం, ఎడమ కంట్లో పువ్వు. గాయానిది ఏముంది, పెన్సిలు పని. కన్ను మాత్రం ఒక పూటంతా పట్టింది. నల్లగుడ్డు మీద పొరలాగా కమ్మిన తెల్లటి పువ్వును వెంట్రుక మందం గీతలతో గీకి గీకి తీసేసి, పక్క కంటిని చూసి దీన్నీ నల్లగా మెరిసేట్టు చేశాడు. ముకుందం అంతటివాడు చూసి భుజం తట్టి అయిదు రూపాయలు చేతిలో పెట్టాడు. అంతటితో ఆగక పెద్దది చేయించి షోకేసులో వేలాడదీశాడు.

"నేను చేసిందే. ఏమ్మా, బాగలేదా? ఈ పాప నీకేమవుతాది, చెల్లెలా?"

"నేనే అన్నా."

అప్పుడు తలెత్తాడు.

కిటికీకి అవతల ఎండలో నిలబడి ఉంది. కొంగు నెత్తి మీదుగా ఎడమ చెంప కప్పేటట్టు లాక్కొని ఉంది. అతను చూస్తున్నాడని తెలిసి కొంగు వెనక్కి తీసింది. చెంప మీద గాయం మాని బెత్తెడు తాడులాగా నల్లగా ఉబ్బి ఉంది. ఎడమ కన్ను తెల్లగా, కోడిగుడ్డు పెంకులాగా ఉంది. అది అతన్ని చూడటం లేదు. నెగటివులో నల్లచుక్కగా తప్ప అతను ఎన్నడూ చూడని పువ్వు.

మునిరామయ్య డెస్కు మీది ఫోటోను బోర్లా తిప్పి పెట్టాడు.

ఆమె పేరు కుప్పమ్మ. నగరిలో తులసీరాం షెడ్డులో పదహారు పవర్‌లూములు ఉన్నాయి. అందులో రెండు కుప్పమ్మ నడిపేది. వారానికి ముప్పై రెండు రూపాయలు. మగ్గంలో అటూ ఇటూ నూలు మోస్తూ పరిగెత్తే నాడెను కొట్టే తోలుపట్టీ చివికిపోయి ఉందని సంక్రాంతికి ముందు నుంచీ చెబుతూనే ఉంది. చూద్దాంలే అంటూనే ఉన్నారు. ఫిబ్రవరి మూడో తేదీ పట్టీ తెగి, ఇనుపమొన ఉన్న నాడె మగ్గంలోంచి ఎగిరి వచ్చి మొహానికి తగిలింది.

"తులసీరామన్న మంచోడేనన్నా," అంది కుప్పమ్మ. "ఆయన కార్లోనే తీసకపాయ. ఆయన డాక్టరే కుట్లేసె. సీటీ రాసిచ్చె. చెంప మింద గాయమని రాసినారంట. కన్ను మాట రాయనే లేదంట. నాకు సదువు రాదు గదా."

ఇరవై దినాలకు కంట్లో పువ్వు కమ్మింది. కార్మిక సంఘం ధనంజయ వచ్చి, కన్ను పోయినందుకు నష్టపరిహారం వస్తుంది, ఆరువేలకు తక్కువ రాదు, ఇప్పుడే ఫోటో తీయించి తేదీ వేయించుకో అని చెప్పాడు. నగరి ఫోటో ఆయన తులసీరాం ఇంట్లో బాడుగకు ఉన్నాడు, తీయనన్నాడు. అందుకని తిరుపతికి వచ్చింది. పోయిన మంగళవారం చిత్తూరు లేబరు ఆఫీసులో విచారణ. తులసీరాం వకీలు కుప్పమ్మ అర్జీకి అంటించిన ఫోటోనే పైకెత్తి చూపించాడు. దెబ్బ తగిలిన ఇరవయ్యో దినం ఈ అమ్మ కన్ను ఆణిముత్యంలాగా ఉంది చూడండి, ఆ తర్వాత నాటుమందు ఏదో పోసుకొని తనే పోగొట్టుకుంది అన్నాడు. నొప్పికి తాళలేక నందివర్ధనం పూలు కంటికి కట్టుకున్న మాట నిజమేనని ఈ పిచ్చితల్లి ఒప్పుకుంది. దాన్ని కూడా రాసుకున్నారు.

"వచ్చే మంగళారం మళ్ళా వాయిదా. అసలు పోటో యాడుండాదో తెచ్చుకో, లేకుంటే కొట్టేస్తానన్యాడు ఆపీసరు."

మునిరామయ్యకు కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియని కోపం ఎదురుగా ఉన్నవాళ్ళ మీదికే పోతుంది. "ముందే చెప్పుండకూడదా తల్లీ? మొగం ఉండేది ఉండేట్టు కావాలని ఒక్క మాట అనింటే ఎవురు ముట్టుకుంటారు? నాకేమన్నా సరదానా?"

"సెప్తినే! ముందర ఆ సార్ తో సెప్తి, కేసుకని."

లేచి అలమర తెరిచాడు. ఫిబ్రవరి కట్ట తీసి, ఫోటో వెనక రాసిన రసీదు నంబరు చూసి, పల్చటి కాగితం కవరు బయటికి లాగాడు. కవరు మీద ముకుందం చేతిరాత: 'కుప్పమ్మ, నగరి. మూడు కాపీలు. బాగా.'

అంతే. కేసు మాట లేదు. ఏ కవరు మీదైనా చివర ఆ 'బాగా' ఉంటుంది. గుండుకైనా, పెండ్లికూతురికైనా, పాడె కట్టే ముందు తీసిన ముసలాయనకైనా 'బాగా'. మునిరామయ్య పంతొమ్మిదేళ్ళుగా చదువుతున్నది ఆ ఒక్క మాటే.

"పోనీ, ఫోటో చేతికొచ్చినప్పుడన్నా చూసుకోలేదా నువ్వు?"

కుప్పమ్మ కిటికీ ఊచకు అంటిన సున్నం గోరుతో గీరింది.

"సూసుకున్యా. మురిసిపోతి అన్నా. అద్దంలో సూసుకోవడం మానేసి ఇరవై దినాలు ఆయె. పోటోలో సూస్తే ముందర మాదిరే ఉండా. పోటో అంటే ఇట్లనే వస్తాదేమో అనుకుంటి. ఒగటి ఇంట్లో గోడకు పెట్టుకుంటి గూడా. ధనంజయన్న కాగితాలన్నీ సూసె, పోటో అంటించె, నా మొగం సూడలా. ఎవురూ సూడలా." చేత్తో వీధి వైపు చూపించి, "ముందర అద్దాల పెట్టెలో గూడా నన్నే పెట్టినారే! వచ్చేటప్పుడు సూస్తి. దాని కిందనే నిలబడి అడిగినా గూడా మీ సార్ నన్ను గుర్తుపట్టలా," అంది.

మునిరామయ్యకు తల కొట్టేసినట్టయింది.

ఈ మాటలు విని కాబోలు, ముకుందం వెనక గదిలోకి వచ్చాడు. తెల్లటి లాల్చీ, నుదుట సన్నటి తిరుచూర్ణం గీత. ఎవరినీ గట్టిగా ఒక మాట అనే మనిషి కాదు. మెత్తగానే పని జరిపించుకుంటాడు. కిటికీ వైపు చూసి, "ఇంకా పోలేదా అమ్మా? ఆ నెగటివు చెదలు పట్టి పోయిందని చెప్పినాను గదా," అన్నాడు.

చెదలు పట్టిన నెగటివు మునిరామయ్య చేతిలోనే ఉంది. దాన్ని చూసి కూడా ముకుందం మొహం మారలేదు. కిటికీ రెక్క దగ్గరికి వేశాడు. గదిలో సగం వెలుతురు పోయింది.

"కూర్చో మునిరామయ్యా. నీకు తెలీదులే సంగతి. ఒక పెద్ద ఆఫీసు వాళ్ళు తొమ్మిదొందల మందికి గుర్తింపు కార్డులు చేయిస్తా ఉండారు. ఫోటోలు మనకే ఇస్తామన్నారు. ఈ నెలాఖరుకు ఆర్డరు. గుర్తింపు కార్డబ్బా! మొహాలు మార్చే స్టూడియో అని ఒక్కసారి బయటపడితే ఎవడిస్తాడు మనకు?"

"మారుస్తా ఉండాము గదా సార్."

"అందరూ మారుస్తారు. ఎవరూ చెప్పుకోరు." నవ్వాడు. "ఆ పని వస్తే నీకు అర్ధరూపాయి లెక్కలు ఉండవు. నెల జీతం. రెండొందలా ఎనభై. నీ చూపు సంగతి నాకు తెలీదనుకుంటా ఉండావా? ఈ మధ్య పెన్సిలు గీత పక్కకు పోతా ఉండాది. నేనేమన్నా అన్నానా? నీ కండ్లు పోయినాక గూడా కౌంటర్లో కూర్చోబెట్టుకుంటా. మాటిస్తా ఉండా."

మునిరామయ్య దాచుకున్నాననుకున్నది ఈయనకు ఎప్పుడో తెలుసు. రెండొందలా ఎనభై! ఏ పూటకాపూట చిల్లరగా చేతికొచ్చే కూలిలో అతను అంత డబ్బు ఒకచోట చూడలేదు, పెండ్లిళ్ళు లేని నెలల్లో అందులో సగమూ రాదు. కండ్లు పోయినాక కూడా అన్నం పెడతానంటున్నాడు. అది ఉత్త మాట కూడా కాదు, ముకుందం ఇచ్చిన మాట తప్పడు. అదే చిక్కు. చెడ్డవాడైతే తిట్టి పోవచ్చు.

"మరి ఆయమ్మ కన్ను సార్?" అన్నాడు నీళ్ళు నములుతూ.

"పోయిన కన్ను మనమేం తెస్తామప్పా? ఆమెకు ఒక ఇరవై రూపాయలిచ్చి పంపిద్దాం. ఆ షోకేసులో బొమ్మ గూడా తీసేద్దాం. నెగటివు ఇట్లియ్యి. ఆ షెడ్డు వాళ్ళ వకీలు ఉత్తరం అడిగినాడు, ఫోటోలో ఏ మార్పూ చేయలేదని రాసిచ్చేస్తే మన పీడ వదిలిపోతాది."

చేయి చాచాడు. మెత్తటి చేయి, ఉంగరం ఉన్న చేయి.

మూసిన కిటికీ రెక్క అవతల చప్పుడు లేదు. ఆమె పోలేదని మునిరామయ్యకు తెలుసు. వారానికి ముప్పై రెండు రూపాయలు వచ్చేది. ఇప్పుడు అదీ లేదు. ఒంటికన్నుతో మగ్గం నడపలేదు, నాడె ఏ పక్క నుంచి వస్తుందో తెలియదు. ఆమె కన్ను తీసింది నాడె. దానికి సాక్ష్యం లేకుండా చేసింది ఎవరు? తులసీరాం డాక్టరు ఒక మాట రాయకుండా వదిలేశాడు. అది వాడు డబ్బు తీసుకొని చేసిన పని. తను ఏం తీసుకొని చేశాడు? అర్ధరూపాయి, పైన ఒక అయిదు రూపాయల నోటు. భుజం తడితే పొంగిపోయాడు. ఛీ, ఎంత చవకగా దొరికిపోయాను అనుకున్నాడు.

"ఇయ్యను సార్," అన్నాడు.

ఆ మాట అతని నోట్లోంచి వచ్చిందంటే అతనికే నమ్మకం కలగలేదు. పంతొమ్మిదేళ్ళలో ఈ మనిషితో ఆ మాట అన్నది లేదు.

"ఏమన్నావు?"

"నెగటివు ఇయ్యను. మంగళవారం చిత్తూరికి తీసకపోతా."

"ఆ నెగటివు స్టూడియోది మునిరామయ్యా. నువ్వు కూలికి దిద్దేవాడివి." గొంతు ఇప్పుడూ పెరగలేదు. "ఎత్తుకపోతే దొంగతనం అంటారు దాన్ని."

"నెగటివు మీదే సార్. ఆ కన్ను గీకింది మటుకు నేను. కేసు పెట్టుకోండి. ఆడ అడిగినా ఇదే చెప్తా."

కవరు చొక్కా జేబులో పెట్టుకున్నాడు. డెస్కు మడిచాడు. మడిస్తే అది చిన్న పెట్టె అవుతుంది. అది స్టూడియోది కాదు, పని నేర్పిన శాంతయ్య మేస్త్రీ చూపు పోయినప్పుడు అతనికి ఇచ్చిపోయింది. పంతొమ్మిదేళ్ళుగా దాన్ని ఆ కిటికీ దగ్గర్నుంచి ఎవరూ కదిలించలేదు. అది ఉన్నచోట నేల నలుచదరంగా కొత్తగచ్చులాగా ఉంది. పూర్తికాని పదహారు మొహాల నెగటివులను వరసగా బల్ల మీద పెట్టి, డెస్కు చంకలో ఇరికించుకొని బయటికి వచ్చాడు. ధైర్యంగా నడిచాడని చెబితే అబద్ధమవుతుంది.

సందు మొదట్లో కుప్పమ్మ నిలబడి ఉంది. పెట్టెను, అతన్ని మార్చి మార్చి చూసింది.

"పనిలోంచి తీసేసినారా అన్నా?"

"ఏమోమ్మా, తెలీదు. మంగళవారం పొద్దన ఎన్ని గంటలకు?"

మంగళవారం చిత్తూరు బస్సులో కండక్టరు ఆ పెట్టెను చూసి, "హార్మోనియమా? భజనకా?" అని లగేజీ టికెట్టు కొట్టాడు. మునిరామయ్య దాన్ని వొళ్ళోనే పెట్టుకొని కూర్చున్నాడు. నాలుగు దినాలుగా ముకుందం కబురు చేయలేదు, కేసూ పెట్టలేదు. ఎవరో కొత్తవాణ్ణి మద్రాసు నుంచి పిలిపిస్తున్నాడని మాత్రం విన్నాడు.

లేబరు ఆఫీసు ఒక పాత మేడ. ఫైళ్ళ మధ్య ఆఫీసరు, పక్కన గుమాస్తా. ఒక పక్క తులసీరాం, అతని వకీలు. ఇంకో పక్క కుప్పమ్మ, సంఘం మనిషి ధనంజయ. మునిరామయ్య గుమ్మంలోకి రాగానే ధనంజయ చేయి పట్టుకొని, "ఫోటో చూడకుండా అంటించినాను, సగం తప్పు నాదన్నా," అన్నాడు. ఆ మాటతో మునిరామయ్యకు ఏమీ తేలిక కాలేదు.

ఆఫీసరు ముక్కుసూటిగా అడిగాడు. "చూడు మునిరామయ్యా, ఈమె కన్ను ఇప్పుడు లేదు, అది నాకూ కనిపిస్తూనే ఉంది. ఎప్పుడు పోయిందనేదే ప్రశ్న. ఫిబ్రవరి ఇరవై మూడున తీసిన ఫోటోలో కన్ను బాగుంది. ఏ మార్పూ చేయలేదని మీ యజమాని ఉత్తరం రాసిచ్చాడు. నువ్వేమో చేశానంటున్నావు. ఎవరిని నమ్మమంటావు?"

"ఎవురినీ నమ్మబళ్ళేదు సార్. సూపిస్తాను. రవంత ఎండ కావాల."

వకీలు నవ్వాడు. ఆఫీసరు విసుక్కుంటూనే లేచాడు. వరండాలో ఎండ పడేచోట స్టూలు వేయించారు. మునిరామయ్య డెస్కు విప్పి, అద్దం సర్ది, గాజు మీద నెగటివు పెట్టాడు. నల్లటి మొహం గాజులో వెలిగింది. తెచ్చుకున్న సీసాలోంచి టర్పెంటైన్ దూదిమీద పోసి, నెగటివు మీద చెంప ఉన్నచోట మెల్లగా తుడిచాడు.

దూది నల్లబడింది. నున్నటి చెంప మీద ముందు ఒక తెల్లటి చీలిక తేలింది. తర్వాత దానికి అటూ ఇటూ చిన్న గీతలు, ఒకటి, రెండు, మూడు. ఏడు కుట్లు.

"అరే!" అన్నాడు ఆఫీసరు. గుమాస్తా కూడా పెన్ను వదిలేసి వంగి చూశాడు. కుప్పమ్మ కొంగు పక్కకు జరిపి తన చెంప తడుముకుంది.

"చెంప మీద గాయం కాలేదని మేమెప్పుడన్నాం?" అన్నాడు వకీలు తాపీగా. "డాక్టరు చీటీలోనే ఉంది. కన్ను సంగతి చెప్పమనండి. దాన్ని కూడా తుడవమనండి."

మునిరామయ్య దూది కింద పెట్టాడు.

"కన్ను తుడిస్తే రాదు సార్. చెంప పెన్సిలుతో పూడ్చింది. కన్ను కత్తితో గీకేసింది. గీకింది మళ్ళా రాదు."

"విన్నారుగా, రాదట!"

"బాగుండే కంటిని గీకే పని ఎవురికుంటాది సార్?" మునిరామయ్య గొంతు పెరిగింది. "పువ్వుంటేనే గదా గీకేది! కత్తి నడిచిన జాగాలో మెరుపు చచ్చిపోయుంటాది. వెంట్రుకంత గీతలు, ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఈ భూతద్దంలోంచి సూడండి. గుడ్డు మీదనే సూడండి."

ఆఫీసరు భూతద్దం తీసుకొని చూశాడు. చాలాసేపు చూశాడు.

"నాకేమీ తెలియడం లేదయ్యా. నున్నగానే ఉంది."

నున్నగానే ఉంటుంది మరి! కత్తిగీత కనబడకుండా గీకడానికేగా పదేళ్ళు పట్టింది నేర్చుకోవడానికి. గీత కనబడితే శాంతయ్య మేస్త్రీ మెటికలు విరిగేట్టు కొట్టేవాడు. కొంచెం మొరటుగా చేసి ఉంటే, ఒక్క గీత పక్కకు పోయి ఉంటే, ఆ వేళ కండ్లు మసకేసి ఉంటే ఎంత బాగుండేది! తన చేతులను తనే తిట్టుకున్నాడు. ఎవరికీ కనబడకూడదని చేసిన పని, ఈ ఒక్క మనిషికి ఈ ఒక్కసారి కనబడాలి.

"నేరుగా సూస్తే కనపడదు సార్. ఏటవాలుగా సూడాల." డెస్కు కొంచెం తిప్పాడు, అద్దం వాల్చాడు. "ఇంకా వంగండి. ఇంకొంచెం."

అంతలో గాజు మీద నీడ పడింది. వకీలు కూడా చూద్దామని ముందుకు వచ్చి ఎండకు అడ్డంగా నిలబడ్డాడు.

"తప్పుకోండి సార్, ఎలుతురు!" అని కసిరాడు మునిరామయ్య. వకీలు ఉలిక్కిపడి పక్కకు జరిగాడు.

ఎండ మళ్ళీ అద్దం మీద పడి గాజులోంచి పైకి లేచింది. నెగటివు వెలిగింది. ఆఫీసరు కండ్లజోడు తీసి గుమాస్తాకు ఇచ్చి, ఎడమ కన్ను గట్టిగా మూసుకొని, కుడికంటితో భూతద్దంలోకి వంగాడు. గుమాస్తా కాగితం మీద పెన్ను ఆనించి ఎదురు చూస్తున్నాడు.

కుప్పమ్మ ఓపిక పట్టలేకపోయింది. గోడవార నుంచి రెండడుగులు ముందుకు వేసి, ఆఫీసరు వంగిన నెత్తి వైపు చూస్తూ అడిగింది.

"ఏమన్నా కనపడతా ఉండాదా సామీ?"